నీలం తీగ

కెల్ప్ కోవ్ రేవులో తెల్లవారేది ఎర వాసనతోనే. జాలర్లంతా ఉప్పేసిన హెర్రింగ్ చేపల పీపాల చుట్టూ చేరి, కాఫీ తాగుతూ, నిన్న ఎవరి బోనుల్లో ఎన్ని లాబ్‌స్టర్లు పడ్డాయో ఒకరికొకరు అబద్ధాలు చెప్పుకుంటారు. తర్వాత పడవలెక్కి, ఇంజన్ కంటే ముందు స్టీరియో పెడతారు. పొగమంచు ఎప్పుడు దిగుతుందో ఎవరికీ తెలియదు. దిగిందంటే మాత్రం గొంతు వినపడని పడవని అది ఉంచదు. పడవని తీసుకుంటుంది, మనిషిని తీసుకుంటుంది, ఇంట్లోవాళ్ళ మనసులోంచి ఆ మనిషి జ్ఞాపకాన్నీ తీసుకుంటుంది. ఇంజన్ చప్పుడు దానికి లెక్కలోకి రాదు, మాటో పాటో ఉండాలి. ఎర అమ్మే క్లేటన్ ఇంట్లో ఎవరి కాళ్ళకీ సరిపోని రబ్బరు బూట్ల జత ఒకటుంది. ఆయన భార్య ఏటా వాటిని కడిగి ఎండబెడుతుంది. అవి ఎవరివని ఎవరూ అడగరు.

సొంత పడవలో వేటకెళ్ళే మార్లాకి భయమంతా వాళ్ళ నాన్న లీలాండ్ గురించే. మార్లా తల్లి విన్నీ పోయిన దగ్గర్నుంచి ఆయన నోటికి తాళం పడింది. పరామర్శలు పడలేక, పడవలవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో కూడా కట్టేశాడు. పాట సంగతి సరేసరి, చర్చిలో కూడా ఊరికే పెదాలు కదిపే రకం. ఇక దిక్కల్లా స్టీరియో. అది పట్టే ఒక్క స్టేషనూ దీవులు దాటగానే గరగరలాడి ఆగిపోతుంది. లీలాండ్ బోనులన్నీ ఆ దీవుల అవతలే.

అందుకని మార్లా నేరుగా ఆకాశం నుంచే పాటలు పట్టే చిన్న శాటిలైట్ రేడియో ఒకటి కొని, వేట లేని ఆదివారం తండ్రి పడవలో కూర్చుంది. యాంటెన్నాకి ఆకాశం కనపడాలి గనక కేబిన్ కప్పు మీద అతికించింది. దాని తీగని కిటికీ సందులోంచి లోపలికి లాగి రేడియోకి పెట్టింది. రేడియో నుంచి స్టీరియోకి ఇంకో తీగ కలిపింది. ఇంజన్ హోరులో కూడా వినపడాలని డెక్ మీద పెద్ద స్పీకర్లు, వాటికో ఆంప్లిఫయర్. స్టీరియో వెలగగానే ఆ ఆంప్లిఫయర్‌ని నిద్రలేపే తీగ ఒకటుంటుంది. అది నీలం.

కెల్ప్ కోవ్‌లో పడవ మీద నీలం ఉండకూడదు. గుడ్డయినా, గిన్నయినా సరే. నీలం సముద్రానిది, ఎక్కడుంటే అక్కడికొచ్చి అడుగుతుంది.

"అదేంటి?" అన్నాడు లీలాండ్.

"తీగ నాన్నా."

"రంగు అడుగుతున్నా."

"వెనకాల ఉంటుందిగా, ఎవరికి కనపడుతుంది?"

"దానికి తెలుస్తుంది" అన్నాడు, నీళ్ళవైపు గడ్డం ఎత్తి.

మార్లా తీగ పొడవునా నల్ల టేపు చుట్టింది. "ఇదిగో, ఇప్పుడు నలుపు. సరేనా?"

రేవు మీంచి క్లేటన్ మాట అందుకున్నాడు. "నల్లకోటు తొడిగితే దొంగ పాస్టరయిపోతాడా మార్లా?"

"నువ్వుండు బాబాయ్, అసలే ఒప్పుకోడు."

మీట నొక్కగానే ఫిడేలు పాట రేవంతా మోగింది. పాట అయ్యాక రేడియోలో ఒకడు ఆపకుండా వాగడం మొదలెట్టాడు.

"వీడు మరీ మాట్లాడుతున్నాడు" అన్నాడు లీలాండ్.

"నీ వంతు కూడా వాడే మాట్లాడతాడులే."

ఆ రాత్రి మార్లా చాన్నాళ్ళకి కంటినిండా నిద్రపోయింది. టేపుకి ఉప్పుగాలి పడదన్న మాట ఆమెకి తట్టలేదు.

మళ్ళీ మంచు దిగిన రోజు మార్లా తన పడవలో దీవుల అవతలే ఉంది. మంచు ముందు దీవుల్ని మింగింది, తర్వాత తన పడవ ముక్కునే మింగింది. తన స్టీరియో మోగుతూనే ఉన్నా ఆమె చెవులు తండ్రి వైపే ఉన్నాయి. దూరంగా బ్యాంజో పాట వినపడుతోంది. ఉన్నాడు, అనుకుంది. అంతలో పాట సగంలో తెగిపోయింది.

జరిగింది చిన్న విషయమే. చెమ్మకి టేపు ఊడి వేలాడింది. మంచు కమ్ముకుంటున్న వేళ లీలాండ్ కంటికి ఆ నీలం కనపడింది. ఎర కోసే కత్తి తీసి ఒక్క వేటుకి తెంపేశాడు. ఆంప్లిఫయర్ నిద్రపోయింది. ఆయన బోను మీద కూర్చుండిపోయాడు.

మార్లా చుక్కాని తిప్పింది. చుక్కాని తిప్పింది. రేవు నుంచి క్లేటన్ గొంతు వినపడింది. "ఎటే, మంచులోకి ఎదురెళ్తున్నావ్?"

"నాన్న దగ్గరికి. స్టీరియో ఆగిపోయింది."

"వద్దు మార్లా. మనిషిని వెనక్కి తెచ్చినా, ఎదురెళ్ళినవాళ్ళకి పోయిన జ్ఞాపకం తిరిగి రాదు. తెలుసుగా?"

"తెలుసు బాబాయ్."

రేడియో ఒకసారి గరగరలాడింది. తర్వాత క్లేటన్ మామూలుగా అడిగాడు. "ఎవరి దగ్గరికన్నావ్?"

"నాన్న దగ్గరికి."

"నాన్నేంటమ్మా? నిన్ను పెంచింది విన్నీ ఒక్కతేగా."

 మార్లా లీలాండ్, లీలాండ్ అని పైకే అంటూ పడవ నడిపింది. ఆయనకి బెల్లపు పాకం లాంటి మొలాసిస్ వేసి చేసే డోనట్లు ఇష్టం, కాఫీలో ముంచుకుని తింటాడు. మీసం ఉందా, లేదా? ఎంత ఆలోచించినా తేలలేదు. ఇంకాస్త దూరం పోయేసరికి లీలాండ్ అన్న మాట ఎక్కడో విన్న ఊరిపేరులా ఉంది. చివరికి అదీ పోయింది. భయం ఒక్కటే మిగిలింది. ఎవరి కోసమో తెలియని ఆ భయంతోనే చుక్కాని గట్టిగా పట్టుకుంది.

మంచులోంచి ఒక పడవ బయటపడింది. రంగు వెలిసిపోయి ఉంది. వెనక చెక్క మీద ఉండాల్సిన పేరు లేదు. లోపల బోను మీద ఒక ముసలాయన. గాజులోంచి చూసినట్టు ఆయన చొక్కాలోంచి వెనకనున్న తాడు చుట్ట కనపడుతోంది.

మార్లా ఇంజన్ తగ్గించి మర్యాదగా అడిగింది. "ఎవరండీ మీరు? పడవ ఆగిపోయిందా? లాగమంటారా?"

లీలాండ్ తలెత్తాడు. తన పడవకి ఆయన పెట్టుకున్న పేరు మార్లా. ఆ మార్లాయే తనని అండీ అంటోంది. సముద్రానికి అలవాటుపడ్డ మనిషి, చావుకి కూడా సిద్ధపడే కూర్చున్నాడు. దీనికి మాత్రం సిద్ధపడలేదు. పెదాలు కదిలాయి, గొంతు రాలేదు.

"గట్టిగా చెప్పండి, వినపడట్లేదు."

"మీ అమ్మ పేరు విన్నీ" అన్నాడు, తుప్పు పట్టిన గొంతుతో. "నువ్వు పుట్టావని కబురొస్తే బోనులు సగంలో వదిలేసి పరిగెత్తుకొచ్చా. చేపల కంపుతో పిల్లని ఎత్తుకుంటావా అని తిట్టింది. తిడుతూనే నా చేతుల్లో పెట్టింది."

ఆయన చొక్కా వెనక తాడు మసకబారింది. ఊపిరి కోసం ఆగితే మళ్ళీ కనపడింది. దాంతో ఆయన ఆగలేదు. మార్లా రెండు పడవల్నీ పక్కపక్కన కట్టి రేవు వైపు నడుపుతుంటే, విన్నీ జబ్బు పడ్డ చలికాలం గురించి చెప్పాడు. చివరి వారం ఆమె ఏం అడిగిందో, తను ఏం చెప్పలేకపోయాడో చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు, ఏడుస్తూనే చెప్పాడు.

రేవులో క్లేటన్ ఎప్పటిలాగే పలకరించాడు. "ఏరా లీలాండ్, ఎన్ని పడ్డాయి?"

ఊళ్ళో అందరి జ్ఞాపకంలోకీ ఆయన తిరిగొచ్చాడు. మార్లాకి రాలేదు. రాడని ముందే తెలిసీ వెళ్ళింది గనక ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

ఇప్పుడు రోజూ వేటకి ముందు ఆమె లీలాండ్ వంటింట్లోకొచ్చి కూర్చుంటుంది. ఆయన కాఫీ పోసి, ఆమె చిన్నతనం చెబుతాడు. ఏ రోజు రావడం మానేస్తుందోనని ఆయనకి భయం. ఆ భయంతో ఇంకా ఎక్కువ చెబుతాడు.

ఒక రోజు ఆమే అడిగింది. "అమ్మని పాతిపెట్టిన రోజు నా పక్కన ఎవరో నిలబడ్డట్టుంది. ఎంత చూసినా మొహం కనపడదు. మీరేనా?"

"నేనే."

"నాతో ఏమన్నారు?"

లీలాండ్ కప్పు కింద పెట్టాడు. "ఏమీ అనలేదమ్మా."

మార్లా కుర్చీ దగ్గరికి లాక్కుంది. "అయితే ఇప్పుడనండి" అంది.