పావుకిలోకి పది నిమిషాల నలభై సెకన్లు

నేను ఒక స్టాప్‌వాచీని. ఒక సోమవారం ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు, పలాస దగ్గర ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో నా మీట నొక్కారు. ఎర్రమ్మ అనే ఆమె పావుకిలో పప్పు మీది పొట్టు తీయడం పూర్తికాగానే మళ్లీ నొక్కారు. పది నిమిషాల నలభై సెకన్లు.

నన్ను ఎక్కడ చేశారో చెప్పలేను. వీపు మీద చెక్కిన ఊరి పేరు చేతుల చెమటకి అరిగిపోయింది. మొదట ఒక హైస్కూలు డ్రిల్లు మాస్టారి మెడలో ఉన్నాను. పరుగు పందెంలో ముందొచ్చినవాడి దగ్గర ఆయన నన్ను ఆపేసేవాడు. వెనకవాళ్లు ఎప్పుడు చేరారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన రిటైరయ్యాక ఒక వాచీల షాపు గాజుపెట్టెలో కొన్నేళ్లున్నాను. అక్కణ్నుంచి నర్సింగరావు కొనుక్కున్నాడు. ఎవరు ఎంతసేపట్లో ఎంత పని చేయాలో తేల్చడం ఈ ఫ్యాక్టరీలో ఆయన ఉద్యోగం.

ఆపితే నాకు నిద్ర. నిద్రలోనూ మాటలు వినిపిస్తాయి, నీళ్ల అవతలి నుంచి వచ్చినట్టు. మీట నొక్కితే ఒక చెయ్యి, ఒక కత్తి మొన, ఎగిరే పొట్టు. అంతలోనే మళ్లీ నొక్కుతారు. మనుషులు దాన్ని కొలత అంటారు. నాకు అది సగంలో తెగిన కల.

ఆ సోమవారం ఎర్రమ్మ అది పందెమనుకుంది. అరవై రెండు మంది ఆడవాళ్లలో తనని ఎంచి, ఎదురుగా ఒక ఆఫీసరు కుర్చీ వేసుకుని కూర్చుంటే ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆమె కొంగు బిగించింది. పప్పు అప్పుడే ఎండబెట్టే గదిలోంచి వచ్చింది. వేడి మీద ఉంటే వేలు తగిలినా పొట్టు ఊడుతుంది. పక్కన దాలమ్మ ఉంది, ఎర్రమ్మ భర్తకి అక్క.

"నీ సెయ్యి సూసి మిసనుకి సిగ్గేస్తాదే," అంది దాలమ్మ.

ఎర్రమ్మ నవ్వి, ఇంకా వేగం పెంచింది.

నర్సింగరావు ఆ పది నిమిషాలని ఎనిమిది గంటలకి పరిచాడు. రోజుకి పదకొండుంబావు కిలోలు తేలింది. పావు వదిలేశాడు. అది తన దయ అనుకున్నాడు. బుధవారం బోర్డు మీద రాశారు: ఒకటో తేదీ నుంచి మనిషికి రోజుకి పదకొండు కిలోలు, వరసగా మూడు రోజులు తగ్గితే నాలుగో రోజు రానక్కర్లేదు.

దాలమ్మ రోజుకి తీసేది ఆరున్నర, మహా అయితే ఏడు. ఆమె కుడి బొటనవేలు పూర్తిగా వంగదు. పంతొమ్మిదేళ్లుగా ఆమెకి ఇదే పని. బోర్డు మీద ఏముందో పక్కవాళ్లతో చదివించుకుంది. మధ్యాహ్నం అన్నం కేరేజీ తీసుకుని వేరే వరసలోకి వెళ్లి కూర్చుంది.

ఆ సాయంత్రం ఎర్రమ్మ నర్సింగరావు గదికి వచ్చింది.

"మీరు సూత్తంటే ఊపొచ్చి తీసినాను బాబూ. దినమల్లా అలగ తీస్తామేటి?"

తన లెక్కలో తప్పు లేదన్నాడాయన.

"లెక్క తప్పని నాననలేదు. ఓ దినం పొద్దున్నించి సాయంత్రం దాకా కూకోండి. ఆ గడియారం ఆపకండి."

శుక్రవారం ఆయన ఎనిమిదింటికి నన్ను నొక్కాడు. నాలుగున్నర దాకా ఆపలేదు.

మధ్యాహ్నం అనేది ఒకటి ఉందని నాకు ఆ రోజు తెలిసింది. పైకప్పు రేకు కంతలోంచి పడ్డ వెలుగు ఒక చాప మీంచి ఇంకో చాప మీదికి నడిచింది. పప్పు చల్లారి, గాలిలో తేమకి పొట్టు అంటుకుపోయింది. కత్తులు నూరుకున్నారు. వేళ్లకి కొబ్బరినూనె రాసుకున్నారు. కరెంటు పోయింది, వచ్చింది. ఎవరో పాట ఎత్తుకుని, మాటలు మర్చిపోయి ఆపేశారు. రెండున్నరకి ఎర్రమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని నాలుగు నిమిషాలు ఎటో చూసింది. ఎక్కడికి వెళ్లిందో నేను కొలవలేను. ఆ నాలుగు నిమిషాలూ నా ముల్లు తిరిగింది.

సాయంత్రం ఆమె ట్రే తూచారు. ఏడు కిలోల మూడు వందల గ్రాములు.

నర్సింగరావు రెండో కాగితం రాసి మేనేజరుకిచ్చాడు. రెండు కొలతలూ ఒకే మనిషివి కాబట్టి మంచిదే ఉంచుదామన్నాడు మేనేజరు.

"నేను రెండోదానికే సంతకం పెడతానండి," అన్నాడు నర్సింగరావు.

మొదటిదాని మీద ఆయన సంతకం అప్పటికే ఉందన్నాడు మేనేజరు.

నర్సింగరావు గదికి వచ్చి, నా మీట నొక్కి, రెండో కాగితం ఎగిరిపోకుండా నన్ను దాని మీద పెట్టాడు. మళ్లీ ఆపలేదు. ఆ బల్ల కిటికీ పక్కనే ఉంటుంది. తూకం వేసే చోటూ గేటూ అక్కణ్నుంచి కనిపిస్తాయి.

ఒకటో తేదీ సాయంత్రం నాలుగున్నరకి తూకం మొదలైంది. దాలమ్మది ఆరు కిలోల ఎనిమిది వందలు. ఎర్రమ్మదీ ఆరు కిలోల ఎనిమిది వందలే. అరవై రెండు ట్రేలలో ఒక్కటీ ఏడు దాటలేదు. నీ చేతికేమైందని మేనేజరు ఎర్రమ్మని అడిగాడు.

"ఏటీ అవనేదు బాబూ. మా వదిన పక్కన కూకున్నాను."

రెండో తేదీ కూడా ఒక్కటీ ఏడు దాటలేదు. మూడో తేదీ కూడా.

నాలుగో తేదీ ఉదయం బోర్డు మీద పదకొండు చెరిపేసి ఉంది. దాని స్థానంలో ఏమీ రాయలేదు. ఎనిమిదింటికి గేటు తీశారు. అరవై రెండు మంది లోపలికి వెళ్లారు.