విదాస్ జేబులో పదకొండు మంది

తెల్లారగానే దంగూలెను విదాస్ ఇక పని లేదు పొమ్మని వ్యాన్‌లోంచి పొలం గేటు దగ్గర దింపేశాడు. యాభై ఏళ్లు దాటిన మనిషి. ఇంగ్లండు పొలాల్లో కాలీఫ్లవర్ కోసీ కోసీ నడుం వంగిపోయిన మనిషి. చేసిన నేరమల్లా, పక్క ఊరి పొలంలో పనికి పోతాననడమే.

"పోవే తల్లీ, ఎవడొద్దన్నాడు?" మేస్త్రీ విదాస్ నవ్వాడు. "అక్కడ ఈ దేశంలో ఉండే హక్కు చూపించమంటారు. చూపించుకో మరి."

చూపించడానికి కాగితం ఉంటేగా! బ్రిటన్ యూరప్ కూటమిలోంచి బయటికొచ్చాక లిథువేనియా నుంచొచ్చిన ఈ కూలీల నివాస హక్కుకు కార్డు లేదు, ముద్ర లేదు. అంతా కంప్యూటర్లోనే. అది తెరవాలంటే ఫోనుకొచ్చే ఆరంకెల సంఖ్య కావాలి. ఆ ఫోను విదాస్‌ది. దరఖాస్తులు తనే నింపి, పదకొండు మందికీ తన నంబరే వేసుకున్నాడు దుర్మార్గుడు.

వ్యాన్‌లో కూర్చున్న తోటి కూలీ బిరూతె ఇదంతా చూసింది. "మన లిథువేనియా వాడే కదా, నింపనివ్వండి" అని ఆనాడు అందర్నీ ఒప్పించింది తనే. ఊళ్లో తల్లి మంచాన పడి ఉంది. వెళ్తే మళ్లీ రానిస్తారో లేదోనని రెండేళ్లుగా తానూ కదల్లేదు. కుడితిలో పడ్డ ఎలుక బతుకైపోయింది.

మధ్యాహ్నం నల్లరొట్టె తింటూ చెప్పేసింది. "తప్పు నాది. తిట్టండి."

"తిడితే ఏమొస్తుందక్కా?" అన్నాడు రీమాస్. "వాడు కన్నెర్ర చేస్తే రోడ్డున పడతాం. పిల్లలు గలవాణ్ణి."

"ఒక్కొక్కళ్లమే పడతామనే వాడి ధైర్యం!" అంది బిరూతె. " ఎండ చూడు. రెండ్రోజులు కొయ్యకపోతే పువ్వంతా పసుపెక్కిపోద్ది. ఎవడు కోస్తాడు, వాడి ఫోనా?"

ఎవరో కిసుక్కుమన్నారు. రీమాస్ తన కత్తిని మట్టిలో గుచ్చేశాడు. మిగతా కత్తులూ దిగాయి. అందరూ సాళ్లలో కూర్చున్నారు.

పొలం దొర పరుగెత్తుకొచ్చి, కొయ్యకపోతే పొలం వదిలి పొమ్మన్నాడు. ఎవరూ లేవకపోయేసరికి పోలీసును పిలిపించాడు.

"దొంగతనంగా ఉంటున్నారు సార్!" విదాస్ అరిచాడు. "హక్కుంటే చూపించమనండి!"

"చూపిస్తాం," అంది బిరూతె. తన ఫోను తీసి వెనక్కి చూసింది. అందరూ తీశారు. గేటు దగ్గర నించున్న దంగూలె కూడా తీసింది. హక్కు చూపే సర్కారు సైటులో తమ తమ పాస్‌పోర్టు నంబర్లు కొట్టారు.

విదాస్ జేబు మోగింది. మళ్లీ మోగింది. చెయ్యి అడ్డం పెట్టుకున్నా మోగుతూనే ఉంది, పదకొండు సార్లు.

"ఏంటది?" అన్నాడు పోలీసు.

"మా హక్కులండీ. ఆయన జేబులో ఉన్నాయి."

పోలీసు విదాస్ వంక అదోలా చూశాడు. అయినా దొర వేలెత్తి చూపగానే, పొమ్మన్నా పొలం వదల్లేదని బిరూతెనే కారెక్కించాడు. తలుపు పడింది. అమ్మను ఇక చూస్తానో లేదో అనుకుంది. ఏడుపొచ్చింది.

అద్దంలోంచి చూసింది. మట్టిలోంచి ఒక్క కత్తీ పైకి రాలేదు. దంగూలె గేటు దాటి వచ్చి బిరూతె కూర్చున్న చోటే కూర్చుంది.

"మళ్లీ కొట్టండ్రా!" అంది.

జేబు మళ్లీ మోగింది.