వారానికి ఒక్క పీరియడ్

ఆ పాలిటెక్నిక్‌లో అందరూ అతన్ని బాబాయ్ అనేవాళ్లు. నలభై మూడేళ్ల మనిషి, ఇరవై ఏళ్లుగా బాయిలర్ల ఫ్యాక్టరీలో వెల్డరు. డిప్లొమా చేతికొస్తే సూపర్‌వైజర్ని చేస్తామని పైవాళ్లు మాటిస్తే, సెలవు పెట్టి వచ్చి పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య కూర్చున్నాడు. వర్క్‌షాప్‌లో అతను అతుకు వేస్తుంటే ఇన్‌స్ట్రక్టరే వచ్చి పక్కన నిలబడి చూసేవాడు.

అదే మనిషి భాష చెప్పే టీచరమ్మ క్లాసులో పిల్లిలా ముడుచుకుపోయేవాడు. నోటితో అడిగితే గంటసేపు చెప్పగలడు. కాగితం ముందు పెడితే కలం కదలదు.

టీచరమ్మకు ఒకప్పుడు వారానికి నాలుగు పీరియడ్లుండేవి. సిలబస్ మార్చిన ఏడాది, పిల్లలకు పని రావాలి గానీ వ్యాసాలెందుకని ఇన్‌స్ట్రక్టరు మీటింగులో పట్టుబట్టాడు. మూడు పీరియడ్లు వర్క్‌షాప్‌కి పోయాయి. పరీక్ష మాత్రం ఎప్పటిలాగే మూడు గంటలు, వంద మార్కులు. దాన్నీ తగ్గించాలన్న సంగతి మిగతా ఎవరికీ తట్టలేదు. తట్టిన టీచరమ్మ నోరు విప్పలేదు. ఎవరితో గొడవ అనుకుంది.

బాబాయ్ ఆ పేపరు రెండుసార్లు తప్పాడు. మూడోసారీ పోతే గడువు దాటిపోతుంది, మిగతావన్నీ ఫస్టు క్లాసులో పాసైనా డిప్లొమా రాదు. అందుకని టీచరమ్మ అతన్ని రెండు నెలలపాటు భోజనాల వేళ లైబ్రరీ మూల కూర్చోబెట్టి ఉత్తరాలు, రిపోర్టులు రాయించింది. కాలిన మచ్చలున్న ఆ వేళ్లు కలాన్ని ఎక్కడ విరిగిపోతుందో అన్నట్టు పట్టుకునేవి.

పరీక్ష అయ్యాక గేటు దగ్గర ఎదురొచ్చింది.

"ఏం అడిగారు బాబాయ్?"

"పనిచేసే చోట జరిగిన ప్రమాదం మీద రెండొందల మాటల్లో రిపోర్టు రాయమన్నారండి. ఇరవై మార్కులు."

ఆమె ముఖం విప్పారింది. "మీకు తెలిసిందే కదా. రాశారా?"

"రాశానండి. మా బావమరిది సంగతి. పరంజా పలక విరిగింది, మనిషి పడ్డాడు, ఆస్పత్రికి చేరేలోపే పోయాడు అని."

"తర్వాత?"

"తర్వాతేముందండి. అంతే జరిగింది. నేను కిందే ఉన్నాను."

 

ఫలితాల్లో ఆ పేపరుకి ముప్పై ఆరొచ్చాయి. నలభై రావాలి. మార్కుల కాగితం పట్టుకుని ఇన్‌స్ట్రక్టరే స్టాఫ్ రూముకొచ్చాడు.

"మేడమ్, నాలుగు మార్కులు. మీరేమన్నా చేయగలరా?"

"పేపర్లు దిద్దేది మనం కాదు కదండీ."

"నా సర్వీసులో అలాంటి చెయ్యి చూడలేదండి. ఈ ఒక్క పేపరుకి..." అని ఆగిపోయాడు. ఆ మూడు పీరియడ్ల మాట ఆమె ఎత్తలేదు. అతని ముఖం చూస్తే ఎత్తాల్సిన పనీ కనబడలేదు.

ఇద్దరూ కలిసి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లారు. ఆయనేం కఠినాత్ముడు కాడు, వెంటనే బోర్డుకి ఉత్తరం రాశాడు. మూడు వారాలకు జవాబొచ్చింది: మళ్లీ దిద్దించినా మార్పు లేదు, గడువు పొడిగించే వీలు లేదు. ఇన్‌స్ట్రక్టరు ఆ కాగితం రెండుసార్లు చదివి వర్క్‌షాప్‌కి వెళ్లిపోయాడు.

సర్టిఫికెట్లు వెనక్కి తీసుకోవడానికి బాబాయ్ వచ్చాడు. సూపర్‌వైజర్ పని అతని క్లాసులోనే చదివిన కుర్రాడికి ఇచ్చారట.

"మంచోడేనండి. వెల్డింగ్ టార్చి పట్టడం నేనే నేర్పాను. రిపోర్టులు బాగా రాస్తాడు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆమె వెతికింది. లేదు. అదే ఆమెకు మరీ కష్టమనిపించింది.

"నేను సరిగ్గా చెప్పలేకపోయాను బాబాయ్."

"అయ్యో, మీరేం చేస్తారండీ." సర్టిఫికెట్ల కవరు చంకలో పెట్టుకుని అడిగాడు. "మా అమ్మాయి ఈ ఏడు పది పూర్తిచేసిందండి. ఇక్కడే చేరతానంటోంది. చేర్చమంటారా?"

లోపల బెల్లు మోగింది. ఆమెకున్న ఆ ఒక్క పీరియడ్ అదే. అరవై మంది ఎదురుచూస్తున్నారు. టీచరమ్మ పుస్తకాలు గుండెకు హత్తుకుని, ఔననీ అనలేక, కాదనీ అనలేక అతని ముఖంలోకి చూస్తూ నిలబడిపోయింది.