ఐదు కన్నా ఏడు పెద్దది

నలభై ఏళ్లుగా బేల్దారి పని చేస్తున్నాను. కల్లూరులో కొత్తగా లేచిన ఇళ్లలో ఒక వీధి వీధంతా నా చేతి మీద కట్టినవే. మూడో అంతస్తు మీద నిలబడి నేను మాట్లాడితే వీధి చివర ఇసుక జల్లెడ పట్టేవాళ్లకు వినబడాలి. ఆదివారం మా ఊరి చర్చిలో సంఘపెద్దగా ప్రకటనలు చదివేదీ ఈ గొంతుతోనే. ఏసన్న మేస్త్రీకి ముక్కు మీద కోపమని అందరూ అంటారు. అంటే అన్నారు, గోడ వంకర లేకుండా వస్తోంది కదా అనుకునేవాణ్ణి.

ఈ ఏడాది కోత పండుగ వేలం కూడా నేనే పాడించాను. మా సంఘంలో ఎవరికి పండింది వాళ్లు తెచ్చి గుడిలో, అంటే మా చర్చిలోనే, ముందు పెడతారు. ఉల్లిగడ్డలు, కొర్రలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. వాటిని మళ్లీ మేమే వేలంలో కొనుక్కుంటాం. ఒకే గుమ్మడికాయను ముగ్గురి చేత కొనిపించడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆ వచ్చినదంతా పెట్టి రాహేలమ్మ కూతురు రెజీనాకు ల్యాప్‌టాప్ కొనివ్వాలని సంఘం తీర్మానించింది. మొగుడు పోయాక రాహేలమ్మ మిరప కోతలకు పోయి బిడ్డను ఇంజనీరింగ్ చదివించింది. రెజీనాకు బెంగళూరు కంపెనీ ఒకటి ఉద్యోగ పరీక్ష పెట్టింది. దాన్ని ఎవరి చోటు నుంచి వాళ్లు, కెమెరా ఉన్న ల్యాప్‌టాప్ మీద రాయాలి. ఆ ఉద్యోగం వస్తే రాహేలమ్మ ఇక ఎండలో వంగాల్సిన పని లేదు.

ఏం కొనాలో రెజీనా కాగితం మీద రాసిచ్చింది. ఐఫైవ్ ప్రాసెసర్, పన్నెండో జనరేషన్ అని ఉంది. ప్రాసెసర్ అంటే ల్యాప్‌టాప్‌కు మెదడని మనవడు చెప్పాడు. అంతవరకు అర్థమైంది. మిగతాది చదివినట్టే చదివి జేబులో పెట్టుకున్నాను.

కల్లూరులో వాడిన ల్యాప్‌టాప్‌లు అమ్మే భూపేష్ అంగడి మేడ కట్టింది నేనే. అతను నన్ను కూర్చోబెట్టి, బల్ల మీద రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టాడు. రెండూ వాడినవే, రెండూ నల్లవే, ధర కూడా ఇంచుమించు ఒకటే.

"ఇది ఐఫైవ్ మేస్త్రీ, పాప అడిగింది. అది ఐసెవెన్. కానీ..."

ఆ 'కానీ' దగ్గరే ఆపేశాను.

"నాకు లెక్కలు చెప్పద్దప్పా. నలభై మూడు గ్రేడు సిమెంటు కన్నా యాభై మూడు గట్టిది. ఎనిమిది ఎం.ఎం. కమ్మి కన్నా పన్నెండు గట్టిది. ఐదు కన్నా ఏడు పెద్దది గాదా? పాప మొగమాటానికి ఐదు రాసింటాది. మేము ఏడే ఇస్తాం."

ఏడు మీద నాకు వేరే గురి కూడా ఉంది. దేవుడు విశ్రాంతి తీసుకున్నది ఏడోనాడు. బైబిలులో యెరికో పట్టణం గోడలు కూలింది ఏడోనాడు. గోడలు కట్టుకుని బతికేవాణ్ణి, కూలిన గోడల కథ నాకెందుకంత ఇష్టమో తెలియదు గానీ, ఆ ఆదివారం చర్చిలో ఆ కథంతా చెప్పి మరీ ల్యాప్‌టాప్ ఎత్తి చూపించాను. "మనమ్మాయి ఐదు అడిగింది, సంఘం ఏడు ఇస్తాంది" అన్నాను. చప్పట్లు కొట్టారు. రాహేలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. రెజీనా దాని మీది స్టిక్కరు చూసి, తల వంచుకుని అందుకుంది. సంతోషంతో నోట మాట రావడం లేదనుకున్నాను.

తరువాతి ఆదివారమే పరీక్ష. పదింటికి మొదలు. పదిన్నర దాటితే లోపలికి రానివ్వరు. ఎప్పుడు మొదలుపెట్టినా పదకొండున్నరకు దానంతటదే మూతపడుతుంది.

ఆ పొద్దున నేను గుడికి పోవడానికి చొక్కా వేసుకుంటుంటే రాహేలమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది. టైము తొమ్మిది కావస్తోంది.

"మేస్త్రన్నా, పాప రాత్రంతా నిద్ర పోలేదు. పరీక్ష తెరుసుకోలేదంట. నీకు చెప్పొద్దనింది. నేనే వచ్చినా."

చొక్కా గుండీలు పెట్టుకుంటూనే వాళ్లింటికి పోయాను. రెజీనా నులకమంచం మీద ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"ప్రాసెసర్ పాతది తాతా. పరీక్షకు విండోస్ పదకొండు ఉండాల. దీంట్లో అది ఎక్కదు. అన్ని విధాలా చూసినా."

"ఏడు గదమ్మా అది! ఏడు!" అని అరిచాను. పక్కింటివాళ్లు బయటికొచ్చి చూశారు. రెజీనా నేల చూసింది. ఆ పిల్ల మీద అరిచినందుకు నాకే సిగ్గేసింది. ఊళ్లో ఇంకెవరి దగ్గరా ల్యాప్‌టాప్ లేదు. "పా అమ్మా, కల్లూరికి పోదాం" అని బండి తీశాను.

దోవలోనే భూపేష్‌కు ఫోన్ చేశాను. ఆదివారం పదకొండుకు గానీ అంగడి తియ్యడట. నేనెవరికీ దండం పెట్టి ఎరగను. "నీకు దండం పెడతాప్పా, ఇప్పుడే రా" అన్నాను. వెనక కూర్చున్న రెజీనా విన్నది.

షట్టరు లేచేసరికి పదికి పది నిమిషాలు. ఆ ఐఫైవ్ ఇంకా అమ్ముడుపోలేదు. దేవుడికి స్తోత్రం అనుకున్నాను. హాల్ టికెట్టూ, పరీక్షకు పెట్టాల్సిన ఫొటోలూ మా వెంట తెచ్చిన ఏడులో ఉన్నాయి కాబట్టి రెండూ తెరవాల్సి వచ్చింది. భూపేష్ రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి ఒకేసారి మీట నొక్కాడు.

ఐఫైవ్ నేను ఊపిరి పీల్చి వదిలేలోగా తెరుచుకుంది. రెజీనా వెంటనే పరీక్ష సాఫ్ట్‌వేరు దించుకోవడం మొదలుపెట్టింది. నేను కొన్న ఏడు మాత్రం నల్లటి తెర మీద చిన్న సున్నాను తిప్పుతూ కూర్చుంది. పది అయింది. సున్నా తిరుగుతూనే ఉంది. పదీ నాలుగుకు తెర వచ్చింది గానీ, ఏం నొక్కినా పలకదు. లోపల ఫ్యాను రొద పెడుతోంది. దాన్ని నేలకేసి కొట్టాలనిపించింది.

"ఎందుకప్పా ఇది ఇట్ల సతాయిస్తాంది?" అని భూపేష్‌ను అడిగాను. గొంతు నాకే చిన్నగా వినబడింది.

"ఆ పొద్దే చెప్పబోయినా మేస్త్రీ, నువ్వు విన్లేదు. ఐ పక్కన అంకె ఒకటే చూడగూడదు. ఆ గీత తర్వాత ఉండే నంబరు ఏ అంకెతో మొదలయితాదో చూడాల. దీనికి నాలుగు. అంటే నాలుగో జనరేషన్, పన్నెండేండ్ల కిందటిది. దానికి పన్నెండు. నీ ఏడులో పని చేసే కోర్లు రెండే ఉండాయి, ఈ ఐదులో పది. నీ తట్టు చెప్పాలంటే ఇద్దరు ముసలి కూలోళ్లు, పది మంది పడుచోళ్లు."

ఇంక చెప్పనక్కర్లేదు. మూడు వానలు చూసిన యాభై మూడు గ్రేడు మూట కన్నా నిన్న దిగిన నలభై మూడు గ్రేడు మూట మేలని నా దగ్గర ఇటుకలు మోసేవాళ్లకు కూడా తెలుసు. మూట మీద తేదీ చూడకుండా సిమెంటు కొనుక్కొచ్చిన మేస్త్రీని నేనైతే పది మందిలో కడిగేసేవాణ్ణి. ఆ కాగితంలో పన్నెండో జనరేషన్ అని ఆ పిల్ల తేదీ కూడా రాసిచ్చింది. నా కళ్లే ఐదు దగ్గర ఆగిపోయాయి.

ఫొటోలు ఐదులోకి చేరేసరికి పదీ పదిహేను. రెజీనా దాన్ని పట్టుకుని మేడ మీది గదిలోకి పరుగెత్తింది. మెట్ల మీద ఆగి ఒకే మాట చెప్పింది.

"గదిలో ఇంకో మనిషి కనపడినా, గొంతు వినపడినా పరీక్ష రద్దు చేస్తారు తాతా."

పదీ ఇరవై రెండుకు ఆమె పరీక్షలోకి వెళ్లిందని, తలుపు సందులోంచి చూసి భూపేష్ బొటనవేలు ఎత్తి చూపించాడు. నేను మెట్ల మీద కూర్చున్నాను. గుడిలో ఇప్పుడు ప్రకటనల సమయం. ముప్పై ఏళ్లలో ఆ చోటు నేను తప్పిందే లేదు. దగ్గు వస్తే చొక్కా నోట్లో కుక్కుకున్నాను.

పదీ యాభైకి పక్క ఇంట్లోంచి టైల్స్ కోసే మిషన్ ఒక్కసారిగా కూసింది. ఆ పని చేసేది ఉరుకుందు, నా దగ్గర పని నేర్చుకున్నవాడే. మామూలుగా అయితే ఇక్కడి నుంచే ఒక కేక వేసేవాణ్ణి, వాడు చచ్చినట్టు ఆపేవాడు. ఇప్పుడు నా కేకే ఆ మిషన్ కన్నా ప్రమాదం. చెప్పులు విడిచి మెట్లు దిగి, అరవై ఆరేళ్ల వయసులో పరుగెత్తాను. పోయి ప్లగ్గు పీకేశాను. ఉరుకుందు బిత్తరపోయి, తిట్లు పడతాయని రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకున్నాడు. నేను నోటి మీద వేలు పెట్టి, వాడి పక్కనే ఆ సున్నపు దుమ్ములో కూర్చున్నాను. వాడు చేతులు దించడానికి చాలాసేపు పట్టింది.

పదకొండున్నర దాటాక రెజీనా కిందికి వచ్చింది.

"మిషన్ చప్పుడుకు పరీక్షవాళ్లు ఏమీ అనలేదు తాతా. మూడు లెక్కల్లో రెండు పూర్తి చేసినా. మూడోది సగంలో ఉండంగా మూతపడింది."

భూపేష్ ఏడును వెనక్కి తీసుకుని ఐదును ఇచ్చాడు. అంగడి బయట, బండి తియ్యబోతూ ఆగాను.

"నాకొకటి చెప్పమ్మా. గుళ్లో నీ చేతికిచ్చినప్పుడే తెలిసిందా నీకు?"

"స్టిక్కరు చూడంగానే తెలిసింది."

"మరి అప్పుడే చెప్పకపోతివే."

"నువ్వు అరుస్తావని" అంది ఆ పిల్ల, అవతలి ఆటోల వైపు చూస్తూ.

బండి తీశాను. ఊరంతా నన్ను గౌరవిస్తుందని అనుకుంటూ ఇన్నేళ్లు బతికాను. నా నోటికి జడిసి ఒక పిల్ల తన ఉద్యోగం పోతున్నా నోరు మూసుకుని వారం రోజులు కూర్చుంది. ఏడుపొచ్చింది, హెల్మెట్ ఉంది కాబట్టి సరిపోయింది.

బుధవారం నేను కల్లూరులో ఒక ఇంటి రెండో అంతస్తు మీద కర్రలతో కట్టిన సారువ ఎక్కి పూత పని చూస్తున్నాను. రెజీనా షేర్ ఆటో దిగి, కింద ఇసుక కుప్ప పక్కన నిలబడింది. మొహం చూడగానే అర్థమైంది. కిందికి దిగాను.

"రాలేదు తాతా. మూడో లెక్క పూర్తయింటే వచ్చుండేది. మొదట్లో పోయిన ఆ ఇరవై రెండు నిమిషాలు ఉంటే అది అయిపోయేది."

నీ తప్పేం లేదులే తాతా అంటుందేమోనని ఎదురుచూశాను. అనలేదు. వచ్చే నెలలో ఇంకో కంపెనీ పరీక్ష ఉందని మాత్రం చెప్పి, నా కళ్లలోకి చూస్తూ నిలబడింది. పైన ఉరుకుందు, ఇటుకలందించేవాళ్లు, అందరూ చేతుల్లో పని ఆపేశారు. నేను ఏమని అరుస్తానోనని చూస్తున్నారు.

"అవునమ్మా, నా వల్లనే పోయింది" అన్నాను, పైవాళ్లకు కూడా వినబడేటట్టు.