కొండ మీది తక్కెడ

రాజశ్రీ రాగిజావ ఉండ కట్టకుండా కలియబెడుతోంది. చంకలో కొడుకు చక్రధర్ తల వాల్చేసి ఉన్నాడు. ఏడాదిన్నర దాటినా చంకకు బరువు తెలియని పిల్లవాడు. ఆకలికి ఏడ్చే ఓపిక కూడా లేక ఊరికే చూస్తూ ఉంటాడు.

గడప దగ్గర నిలబడి అంగన్‌వాడీ భారతమ్మ మళ్లీ మొదటి నుంచీ చెప్పింది. ఆస్పత్రి నర్సమ్మ అంగన్‌వాడీ కేంద్రానికి వచ్చిందట. ఇలా చిక్కిపోయిన బిడ్డల్ని తూచి, తూకాన్ని బట్టి వారానికి సరిపడా పిండి పొట్లాలూ మందూ ఇస్తుందట. ఆస్పత్రిలో పడుకోనక్కర్లేదు, ఇంట్లోనే పెట్టుకోవచ్చు. తూచకుండా మాత్రం ఒక్క పొట్లమూ ఇవ్వదు.

అత్త నాగరత్నమ్మ పంచలో చింతపండు గింజలు తీస్తోంది. పురిట్లో వీడు ఏడవకుండా నీలంగా పడి ఉంటే మొక్కుకున్నది ఆమే. బతికితే తిరుమలలో బెల్లంతో తులాభారం తూగిస్తానని, అంతవరకూ ఇంకే తక్కెడా ఎక్కించనని. ఆ మొక్కుతోనే వాడు ఊపిరి పోసుకున్నాడని ఆమె నమ్మకం. రాజశ్రీ నమ్మకం కూడా అదే.

"పళ్లెంలో కూసోబెట్టేది కాదు పెద్దమ్మా. గుడ్డ లాగులో కాళ్లు దూర్చి కొక్కేనికి తగిలిస్తాం. వాడికి ఉయ్యాల మాదిరి ఉంటాది" అంది భారతమ్మ.

"తగిలిచ్చినా తూసేది తూసేదే కదమ్మా. సామి కళ్లకు గంతలు కడతావా?"

"అయితే రేపే కొండకు పోదాం అత్తా" అంది రాజశ్రీ పొయ్యి దగ్గర్నుంచి.

"ఈ ఎముకల్నా తూసేది? సుట్టాలంతా వస్తారు. కూడు పెట్టకుండా మాడ్చినారంటారు. రోంత ఒళ్లు చేయనీ మే, పోదాం."

ఎన్నాళ్లుగానో ఇదే మాట. భర్త గంగాధరం రేణిగుంటలో గోడౌన్ పనికి పోతాడు. అమ్మకు ఎదురు చెప్పలేక, వచ్చినప్పుడల్లా కొడుక్కి బిస్కెట్లు తెచ్చి పెడతాడు.

నర్సమ్మ మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోతుందని చెప్పి భారతమ్మ వెళ్లింది.

రాజశ్రీ జావ చల్లార్చి చెంచాతో నోటికందించింది. అది లోపలికి పోలేదు. పెదవి చివర నుంచి కారి మెడ మీదికి వచ్చింది. నిన్న తుడుస్తుంటే చేత్తో తోసేశాడు. ఇవాళ అదీ లేదు.

"అత్తా, వీడు మింగలేదు."

నాగరత్నమ్మ లేచి వచ్చింది. మనవడి పాదం అరచేతిలో పెట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"సామికి సెప్పిన మాట మే" అంది. "తప్పితే వీడు మనకు దక్కడు."

అత్త అన్నది అబద్ధమని రాజశ్రీ అనుకోలేదు. తప్పు తన మీద వెయ్యమని, బిడ్డ మీద వెయ్యొద్దని కొండ దిక్కుకు తిరిగి మనసులోనే దణ్ణం పెట్టుకుంది. అత్త చేతిలోంచి పాదాన్ని మెల్లగా విడిపించింది. పైట కొంగుతో బిడ్డను చుట్టుకుని, గడప దాటి కేంద్రం దారి పట్టింది.