మేస్త్రి చేతిలో మిగిలిన గీత

రోజూ తొమ్మిదింటికల్లా ఆమె పెన్సిళ్ళు చెక్కుకుని, టేబుల్ మీద పెద్ద కాగితం పరిచి కూర్చునేది. ఫ్యాక్టరీలో ఎవరికి ఏ పని వచ్చో అదంతా పటాలుగా గీయడం ఆమె ఉద్యోగం. పనివాడు కాగితం మీద చెయ్యి ఆనించి తన పని చెబుతూ ఉంటే, ఆమె గీస్తూ ఉంటే, అతని అరచేతి గీతలు ఒక్కొక్కటే చీమల బారులా కాగితం మీదికి దిగేవి. దిగిన పని ఇక ఆ చేతికి రాదు. చెయ్యి నున్నబడ్డవాళ్ళని గేటు దగ్గర కూర్చోబెట్టేవారు. గీతల్లేని చేతికి మసి పట్టదు, సబ్బు ఆదా అని వాళ్ళే నవ్వుకునేవారు.

ఆ రోజు వంతు ఆమె నాన్నది. ముప్ఫై ఏళ్ళుగా బాయిలర్ మేస్త్రి. మధ్యాహ్నానికి అన్ని గీతలూ దిగాయి, ఒక్కటి తప్ప. గొట్టం మీద చెయ్యి వేసి, అది వణికే తీరును బట్టి ఆవిరి ఎప్పుడు వదలాలో, ఎప్పుడు కట్టేయాలో చెప్పే గీత అది.

"ఇదొక్కటి ఉండనివ్వమ్మా. బొత్తిగా ఏమీ రానివాడిలా ఇంటికెలా రాను?" అన్నాడు.

ఆమె ఆ గీతను అతని చేతిలోనే వదిలేసింది. పటం పూర్తయిందని సంతకం పెట్టేసింది.

పటాన్ని బాయిలర్ పక్కన గోడకు తగిలించి, మేస్త్రి స్థానంలో ఆమె భర్తను పెట్టారు. అతను నెమ్మదస్తుడు, పటంలో ఉన్నది ఉన్నట్టు చేసేవాడు. మూడో వారంలో గొట్టం వణికింది. ఏం చెయ్యాలో పటంలో వెతుక్కుంటూ ఉండగానే అతుకు ఊడి, ఆవిరి అతని కుడిచేతిని మోచేతి దాకా కాల్చేసింది.

ఆ రాత్రి భర్తకు ఆమే అన్నం కలిపి తినిపించింది. మర్నాడు మేస్త్రి ఫ్యాక్టరీకి వచ్చి, పటం దింపించి, కూతురి ముందు చెయ్యి చాపాడు.

"గియ్యి."

"తప్పు నాది నాన్నా. వదిలేసింది నేను."

"అడిగింది నేను కదమ్మా. రేపు అక్కడ ఇంకొకడు నిలబడతాడు. గియ్యి."

ఆమె ఏడుస్తూనే గీసింది.

ఆ సాయంత్రం వంటింట్లో నీళ్ళ చప్పుడు ఎంతకీ ఆగకపోతే వెళ్ళి చూసింది. నాన్న కుళాయి ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, పోతున్న నీళ్ళను చూస్తున్నాడు. ఆమె కుళాయి కట్టేసింది.

"ఇటా తిప్పేది?" అని అడిగాడు మేస్త్రి.