అచ్చుల మేస్త్రీ

“ఇక్కడ సంతకం పెట్టి, తర్వాత చారు పొయ్యి,” అన్నారు మా ఆయన స్తెఫను.

చేతికి చింతపండు పులుసు అంటి ఉంది. కొంగుకి తుడుచుకుని సంతకం పెట్టాను. యాభై నాలుగో సంవత్సరం అది. ఆయన రోడ్ల శాఖ వాళ్ల షెడ్డులో ఫిట్టరు. సర్కారు ఉద్యోగి వ్యాపారం చెయ్యకూడదు కాబట్టి, జగ్గయ్యపేటలో హైదరాబాదు రోడ్డు పక్కన మొదలెట్టే కంపెనీకి నా పేరు కావలసి వచ్చింది. వారం తిరక్కుండా రేకు బోర్డు లేచింది: కృపావతి మోటార్ పార్ట్స్. చర్చికి వెళ్తూ నా పేరు అంతెత్తున చూసి కళ్లు తిరిగాయి. “పేరేగా, పెట్టుబడి మావాడిది,” అంది మా అత్త ఆరోగ్యమ్మ. ఆవిడ మాటలకి నొచ్చుకుంటూ కూర్చుంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

మేం చేసేది పాత కార్ల సామాను. ముప్పై నలభై ఏళ్ల కిందట దొరలూ జమీందార్లూ కొన్న కార్లకి విడిభాగాలు ఎక్కడా దొరకవు. వాటిని చేసిన కంపెనీలే అక్కడ దొరల సీమలో మూతపడ్డాయట. మైసూరు నుంచి, గ్వాలియరు నుంచి, కలకత్తా నుంచి విరిగిన ముక్కలు పార్సిల్లో వచ్చేవి. కారు దీపం చుట్టూ ఉండే ఇత్తడి కమ్మీ, తలుపు పిడి, నీళ్ల పంపు బుష్షు, ఏదైనా సరే, అలాంటిదే కొత్తది పోసి పంపాలి. ముందు దాని రూపం మైనంతో చెయ్యాలి. దాన్నే అచ్చు అంటాం. కూలీకి వచ్చే పున్నమ్మ మట్టి జల్లించి, పేడ కలిపి పిసికి దాని మీద పూస్తుంది. కాలిస్తే మైనం కరిగి కారిపోయి లోపల ఖాళీ మిగులుతుంది. అందులో పోతపనివాడు రత్తయ్య కరిగిన ఇత్తడి పోస్తాడు. మా ఆయన లేతు మిషను మీద నునుపు చేస్తారు. అచ్చులు చేసే మనిషి మాత్రం దొరకలేదు. “నాలుగు రోజులు నువ్వు చూడు, జంతికలు వత్తే చెయ్యేగా,” అన్నారు ఆయన. ఆ నాలుగు రోజులూ ఎనిమిదేళ్లయ్యాయి. జీతం అన్న మాట ఆయన నోటా రాలేదు, నా నోటా రాలేదు.

పిల్లలు బడికి వెళ్లాక, మైనం ఎండలో మెత్తబడే దాకా ఆ విరిగిన ముక్కని ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. నేను పుట్టాక కారెక్కి ఎరగను. గరికపాడు దాటి అటు పోయి ఎరగను. అయినా ఒక తలుపు పిడి చేతిలోకి తీసుకుంటే, ఎవరో ఏళ్ల తరబడి పట్టుకుని అరగదీసిన చోట నా బొటనవేలు సరిగ్గా ఆనేది. ఆడమనిషే అయివుంటుంది, అరిగిన చోటు చిన్నది. వెనక సీట్లో ఓ పక్కకి ఒరిగి, దిగాలా వద్దా అని పిడి పట్టుకుని కూర్చునేదేమో. అద్దం బయట మంచు. మంచులో పొడుగాటి చెట్లు నెమ్మదిగా వెనక్కి పోతుంటాయి. కొండ మలుపు తిరిగితే ఇంకో మలుపు. కారు ఆగదు, ఆవిడ దిగదు, నేను ఆవిడ పక్కనే కూర్చుని ఉంటాను, ఇద్దరం ఒక్క మాటా అనుకోం. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చేదాకా నేను ఆ దారుల్లోనే ఉండేదాన్ని. “మహాతల్లి కళ్లు తెరుచుకుని నిద్రపోతోంది,” అనేది మా అత్త. నిద్రా నా మొహమా! రోజు మొత్తం మీద నేను మేలుకుని ఉన్న గంటలు అవే.

ఇత్తడి చల్లారితే కాస్త కుంచించుకుపోతుంది. ఇది నాకెవరూ చెప్పలేదు, నాలుగు పోతలు పాడయ్యాక నా వేళ్లకే తెలిసింది. అప్పట్నించీ అచ్చుని అసలు ముక్క కన్నా కొంచెం పెద్దగా చేసేదాన్ని, చిన్నదైతే వడ్లపొట్టు మందం, పెద్దదైతే వడ్లగింజ మందం. ఈ సంగతి మా ఆయనకి తెలియదు. నేను దాచలేదు, ఆయన అడగలేదు.

ఒకసారి బందరు నుంచి ఒక పెద్దమనిషి తన పాత కారుకి మేం చేసిన పిడి బిగించుకుని స్వయంగా వచ్చాడు. “మీ అచ్చుల మేస్త్రీ చేతులకి దణ్ణం పెట్టాలండీ. ఎక్కడివాడు?” అని అడిగాడు.

“బెజవాడ నుంచి తెప్పించానండి. కాస్త తిక్కమనిషి, ఎవరికీ కనపడడు,” అన్నారు మా ఆయన. నేనప్పుడు ఆ పెద్దమనిషికి కాఫీ అందిస్తున్నాను. అక్కడ నవ్వొచ్చింది. వంటింట్లోకి వచ్చాక ఏడుపొచ్చింది.

అరవై రెండులో, పాత కార్లు బాగుచేసి అమ్మే బొంబాయి వ్యాపారి ఒకేసారి ఆరువందల దీపం కమ్మీలు కావాలన్నాడు. అప్పటికి మా ఆయన ఉద్యోగం మానేశారు. చేత్తో ఒక్కొక్కటీ చేస్తే కుదరదని ఇనప దిమ్మలు చెక్కించుకొచ్చారు. అందులో మైనం పోస్తే గంటకి ఇరవై అచ్చులు. అసలు కమ్మీని వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచి చెక్కించారు. కొంపలు ముంచింది అదే. మొదటి అచ్చు చేత్తో పట్టుకోగానే నాకు తెలిసిపోయింది.

“ఏమండీ, ఇది వడ్లగింజ మందం తక్కువుంది. చల్లారితే చాలదు.”

కొత్తగా పెట్టుకున్న మనుషులు చూస్తున్నారు. “వడ్లూ పప్పులూ వంటింట్లో కొలుచుకో. ఇది మిషను లెక్క,” అన్నారు. అందరూ నవ్వారు. ముందు ఒకటి పోసి చూద్దామని రత్తయ్య గొణిగాడు. గడువు దగ్గరపడిందని ఆయన వినలేదు.

ఆరువందలూ తిరిగొచ్చాయి. ఒక్కటంటే ఒక్కటి దీపానికి పట్టలేదు. మా పాత బేరగాళ్లు కూడా ఒక్కొక్కరే ఆ ముసలి కార్లని తుక్కుకి అమ్మి, దేశంలో తయారైన కొత్త కార్లు కొనుక్కున్నారు. లేతు పోయింది, షెడ్డుకి తాళం పడింది, పున్నమ్మకి ఏడు నెలల కూలీ ఆగిపోయింది. “ఆడదాని పేరు పెట్టినప్పుడే అనుకున్నా,” అంది మా అత్త. ఇత్తడి అరువిచ్చిన కుటుంబరావు గారు నందిగామ కోర్టులో దావా వేశారు. సమన్లు నా పేరున వచ్చాయి.

ప్లీడరు రామబ్రహ్మం గారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. “ఒక్క మాట చాలమ్మా. నాకేం తెలియదండి, మా ఆయన పెట్టమంటే సంతకం పెట్టా అను. తెలియని ఆడమనిషివని నిన్ను వదిలేస్తారు. ఆయన పేరు ఏ కాగితంలోనూ లేదు కాబట్టి ఆయన్నీ ఏమీ చెయ్యలేరు.”

“మరి పున్నమ్మ కూలీ అండి?”

“అది అసలు కాగితంలోనే లేదు కదమ్మా.”

వాయిదా రోజు నందిగామ బస్సులో మా ఆయన మూడుసార్లు అప్పజెప్పించుకున్నారు. “ఏమంటావు?” “నాకేం తెలియదండి.” “అదీ!” కిటికీ బయట పత్తి చేలు తెల్లగా, మంచులాగే ఉన్నాయి. ఆ తెలుపులో చూస్తూ ఉంటే ఎన్నాళ్లకో ఆవిడ మళ్లీ పక్కన వచ్చి కూర్చుంది. నాకేం తెలియదంటే ఈవిడెవరు? ఎనిమిదేళ్లు ఆ కొండ మలుపులు తిరిగిందెవరు? ఆ మాట అంటే అప్పు పోతుంది, దాంతోపాటు నా ఎనిమిదేళ్లూ పోతాయి. కోపం వచ్చింది నాకు, మా ఆయన మీద కన్నా ఎక్కువగా, ఆ మాట మూడుసార్లు అప్పజెప్పిన నా నోటి మీద.

కోర్టులో గుమాస్తా నా పేరూ ఊరూ అడిగి, వృత్తి అన్నచోట నన్నడక్కుండానే ఇంటిపని అని రాసుకున్నాడు. మున్సబు గారు కళ్లద్దాలు సవరించుకుని, “ఈ వ్యాపారం సంగతి నీకేమైనా తెలుసా అమ్మా?” అని అడిగారు. మా ఆయన నావైపు చూసి చిన్నగా తలాడించారు.

“తెలుసండి. అచ్చులన్నీ నేనే చేశా,” అన్నాను. “చివర్లో చెడిపోయినవి నేను చేసినవి కావండి. అయినా కంపెనీ నాది, మునిగిందీ నాదే. కుటుంబరావు గారి అప్పూ, కాగితంలో లేని పున్నమ్మ కూలీ కూడా నేనే తీరుస్తా. పోతపని ఉన్న ఊళ్లో ఎక్కడైనా అచ్చులు చేసుకుంటా, కాస్త గడువివ్వండి.”

గుమాస్తా కలం ఆగిపోయింది. ప్లీడరు గారు తల పట్టుకున్నారు. మా ఆయన ఒక్క ఉదుటున లేచారు. “దానికేం తెలియదండి! ఈ కంపెనీ సంగతంతా నన్నడగండి!”

మున్సబు గారు ముందున్న కాగితాలు ఒక్కొక్కటీ తిరగేశారు. చివరిదాకా చూసి తలెత్తారు.

“మీరెవరు?”

మా ఆయన, వెనకెవరైనా ఉన్నారేమోనన్నట్టు ఒకసారి చుట్టూ చూశారు.

“ఆవిడ భర్తనండి,” అన్నారు.